నమ్మకమైన బండి: హెన్రీ ఫోర్డు చరిత్రము

మోటారుబండి కొనదలచినవాడు మొదట నడుగు ప్రశ్న యొక్కటే: ఇది నడిత్రోవలో నిలిచిపోక మనలను ఇల్లు చేర్చునా? వేగము, సొగసు, మెత్తని ఆసనములు తరువాతి మాటలు. ఇరువదవ శతాబ్దారంభమున నీ ప్రశ్నకు ధైర్యముగ ఔనని చెప్పగల బండ్లు లేకపోలేదు. కాని వానిని ధనికులే కొనగలిగిరి. సామాన్య గృహస్థునకు, ముఖ్యముగ పల్లెటూరి రైతునకు, ఆ ధైర్యమును గలిగించిన అమెరికా బండి ఫోర్డువారి మోడలు టి. హెన్రీ ఫోర్డు కోటీశ్వరుడని మనదేశమున నెల్లరు నెఱుగుదురు. ఆతని బండి యెందువలన నమ్మదగినదయ్యెనో, ఆ నమ్మకము పిమ్మట నెట్లు సడలెనో తెలిసినవా రరుదు. ఆ రెంటికిని మూలము ఆతని పట్టుదలయే యగుట వింత.

ఫోర్డు 1863వ సంవత్సరము జూలై 30వ తేదీన, మిచిగాన్ రాష్ట్రమున డెట్రాయిటు పట్టణమునకు చేరువనున్న డియర్‌బర్న్ ప్రాంతమున, ఒక రైతు కుటుంబమున జన్మించెను. తండ్రి విలియం ఐర్లండునుండి వలస వచ్చి స్వంత పొలము సంపాదించుకొన్నవాడు. పెద్దకుమారుడు ఆ పొలమునకు దిక్కగునని యాతడు తలచెను. కాని కుమారునకు వ్యవసాయమన్న గిట్టదు. పడిన పాటునకు తగిన ఫలము దక్కదనియు, మనుష్యుని నడుము చేయుచున్న పనిలో సగము యంత్రము చేయవచ్చుననియు బాల్యమునుండియు నాతని తలంపు. 1876లో తల్లి గతించెను. ఆ సంవత్సరముననే, తండ్రితో డెట్రాయిటునకు బండిలో పోవుచుండగా, గుఱ్ఱములు లేకయే తనంత తాను రోడ్డుమీద నడచి వచ్చుచున్న ఆవిరియంత్ర మొకటి ఎదురయ్యెను. పండ్రెండేండ్ల బాలుడు బండినుండి దుమికి, ఆ యంత్రమును నడుపువానిని ప్రశ్నలతో వేధించెనట. ఆనాటి దృశ్య మాతడు వృద్ధుడైన వెనుకగూడ మఱువలేదు.

పదునాఱవయేట డెట్రాయిటు చేరి, పగలు యంత్రశాలలలో పని నేర్చుకొనుచు, రాత్రులు గడియారములు బాగుచేయుచు కాలము గడపెను. తండ్రి కొంతభూమి నిచ్చి పిలువగా మఱల పల్లెకు వచ్చి, ఆ నేలనున్న కలప కోసి యమ్ముచు, 1888లో క్లారా బ్రయంటు అను కన్యను వివాహమాడెను. కలప ముగిసినది, సేద్యపు టాశయు ముగిసినది. 1891లో దంపతులు మఱల పట్టణము చేరిరి. ఎడిసను విద్యుద్దీపముల కంపెనీలో నుద్యోగము దొరకెను. రెండేండ్లకే ప్రధాన ఇంజనీరయ్యెను.

అద్దెయింటి వెనుకనున్న కొట్టములో, ఉద్యోగమునుండి తీరినవేళల, ఆతడు తన మొదటి మోటారుబండిని కట్టెను. నాలుగు సైకిలు చక్రములు, రెండు సిలిండర్ల చిన్న యింజను. 1896 జూను 4వ తేదీన తెల్లవారుజామున బండి సిద్ధమయ్యెను గాని కొట్టపు ద్వారము దానికి చాలలేదు. ఇంటి యజమాని యేమనునో యని యాలోచింపక, ఫోర్డు గొడ్డలి తీసికొని ఇటుకగోడ పగులగొట్టి బండిని వీధిలోనికి దెచ్చెను. ద్వారము కొలత ముందు చూచికొనకపోవుటయు, పిదప గోడను కూలద్రోయుటయు, రెండును ఆతని స్వభావమునకు తగియే యున్నవి.

కాని బండి కట్టుట వేఱు, బండ్ల వ్యాపారము వేఱు. 1899లో స్థాపించిన మొదటి కంపెనీ బండ్లు వెలకు హెచ్చు, మేలునకు తక్కువ. 1901 ఆరంభమున నది మూతపడెను. ఆ యేడే రెండవ కంపెనీ వెలసెను. పందెపు బండ్ల వ్యామోహములోనున్న ఫోర్డునకును వాటాదార్లకును పొసగక, 1902 మార్చిలో నాతడు 900 డాలర్లును తన పేరును తీసికొని బయటికి వచ్చెను.

అచ్చట మిగిలిన కార్ఖానా కథ చెప్పక విడువరాదు. దానిని తెగనమ్ముటకు వెల కట్టుమని వాటాదార్లు హెన్రీ లీలండు అను వృద్ధ యంత్రనిపుణుని పిలిపించిరి. లీలండు ఆయుధముల కార్ఖానాలలో పని నేర్చినవాడు. అంగుళములో వేయవవంతు తేడానుగూడ సహింపనివాడు. అమ్మవలదు, బండ్లు చేయుడని యాతడు సలహా నిచ్చెను. ఆ కంపెనీయే కాడిలాక్ అయ్యెను. 1908లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్సు పందెపుబాట యొద్ద మూడు కాడిలాక్ బండ్లను పూర్తిగ విప్పి, భాగముల నన్నిటిని కలగాపులగము చేసి, మఱల మూడు బండ్లుగ బిగించి, ఒక్కొక్కదానిని 500 మైళ్లు నడిపిరి. ఆకురాయితో నొక భాగమునైన సవరింపవలసిన పని లేకపోయెను. ఏ బండి భాగమైనను ఏ బండికైనను సరిపోవలె ననుట నమ్మకమునకు తొలిమెట్టు. ఈ సంగతి ఫోర్డునకును తెలియును. ధనికులకై లీలండు చేసినదానిని బీదలకై చేయవలె ననునది యొక్కటియే భేదము. 1922లో లీలండుగారి రెండవ కంపెనీ యగు లింకను అప్పులపాలు కాగా ఫోర్డు దానిని 80 లక్షల డాలర్లకు కొనెను. తండ్రికొడుకులు తమ కార్ఖానాను తామే నడుపుదు మను నమ్మకముతో నుండిరి. కొలది నెలలలో వారిని బయటికి పంపివేసిరి. నమ్మకమైన బండ్లు చేయువాడు నమ్మినవారియెడ నెల్లప్పుడు నట్లే మెలగు ననుకొనరాదు.

మూడవ కంపెనీ, అనగా నేటికిని ఫోర్డు పేర నడచుచున్నది, 1903 జూను 16వ తేదీన 28,000 డాలర్ల రొక్కముతో నారంభమయ్యెను. ఇంజనులను చట్రములను డాడ్జి సోదరులు తమ యంత్రశాలలో చేసియిచ్చుచుండిరి. ఫోర్డు చిన్నకొట్టములో బిగించి యమ్ముచుండెను. మొదటి బండ్లు వేడెక్కుచుండెను, గేరుపట్టీలు జారుచుండెను. డబ్బు లెక్కలు చూచిన జేమ్సు కజెన్సు కఠినుడు, నిజాయితీపరుడు. ఆతడు లేనిచో నీ కంపెనీయు మొదటి రెండింటి దారినే పట్టియుండెడిది. వాటాదార్లలో ముఖ్యుడైన బొగ్గువర్తకుడు ధనికులకై ఆఱు సిలిండర్ల పెద్దబండి చేయవలెననెను. ఫోర్డు చౌకబండియే చేయుదుననెను. 1906లో నా వర్తకుని వాటాను ఫోర్డు కొనివేయుటతో వాదము తీరెను. పికెటు వీథి కార్ఖానా మూడవ అంతస్తున నొక మూలగదిలో, గలాంబు, విల్సు మున్నగు కొందఱు పనివాండ్రతో గూర్చుండి, ఫోర్డు తన తలంపులోని బండికి రూపు దిద్దెను. 1908 అక్టోబరు 1వ తేదీన మోడలు టి బజారునకు వచ్చెను. వెల 850 డాలర్లు.

ఈ బండియందలి విశేష మేమి? మొదటిది ఉక్కు. వెనేడియమను లోహమును కొలదిగ గలిపిన యుక్కు సాధారణపు టుక్కుకంటె మిక్కిలి దృఢము. అందువలన ఇరుసులను గేరుచక్రములను సన్నగ చేసినను బలము తగ్గలేదు. బండి మొత్తము సుమారు 1,200 పౌనుల బరువు మాత్రమే తూగెను. తేలికబండి బురదలో దిగబడినను నలుగురు మనుష్యులు లేవనెత్తగలరు. నాలుగు సిలిండర్లను ఒకే ముద్దగ పోతపోసి, పైమూతను విడదీయుటకు వీలుగ నుంచిరి. ఇంజనును చట్రమునకు మూడుచోట్ల మాత్రమే ఆనించిరి. ముక్కాలిపీట ఎంత ఎగుడుదిగుడు నేలపైనను కదలక నిలుచును, నాలుగుకాళ్ల పీట నిలువదు. ఇది మన వంటయింట నెఱిగిన విషయమే. గోతిలో చక్రము దిగి చట్రము మెలితిరిగినను ఇంజనునకు దెబ్బ తగులదు. మొదటి కొన్నివేల బండ్ల తరువాత నీటిపంపునుగూడ తీసివేసిరి. వేడినీరు తనంత పైకెక్కుటయు, చల్లారి దిగుటయు చాలుననిరి. లేని పంపు చెడిపోవుట లేదుగదా. బాటరీతో పనిలేకుండ నిప్పురవ్వను పుట్టించుటకు ఇంజను వెనుక తిరుగు పెద్దచక్రముననే ఆయస్కాంతములను బిగించిరి.

ఇక లోపములు. బండిని కదలించుటకు ముందువైపు హేండిలు త్రిప్పవలెను. అది వెనుకకు తన్ని యెందఱి చేతులో విఱిచినది. పెట్రోలు తొట్టి ఆసనము క్రింద నుండి పెట్రోలు తన పల్లమునకు తాను పాఱవలసినదే కాన, నిట్రమైన మెట్ట యెక్కునపుడు పెట్రోలు ఇంజనునకు అందదు. తెలిసినవారు బండిని త్రిప్పి వెనుకనడకతో మెట్ట యెక్కించెడివారు. నడక మెల్లగనైన దీపములును మిణుకు మిణుకు మనును. బ్రేకు లంతంతమాత్రమే. కాని యీ లోపము లన్నియు యజమానికి ముందే తెలిసిన లోపములు. ఏమి చెడునో, ఎట్లు బాగగునో, వానికి తెలియును. స్పానరు, స్క్రూడ్రైవరు, కొంచెము ఇనుపతీగ యున్నచో చాలవఱకు తానే సవరించుకొనగలడు, లేకున్న నూరికమ్మరి యున్నాడు. నమ్మదగిన బండి యనగా చెడని బండి యని యర్థము కాదు. చెడినపుడు మనలను దిక్కులేనివారిని చేయనిది యని యర్థము. పట్టణపట్టణమున ఫోర్డు ఏజంటునొద్ద విడిభాగములు చవుకగ దొరకుటయు నిందుకు తోడయ్యెను.

పశ్చిమ రాష్ట్రముల రైతు లీ బండిని బండిగ మాత్రమే వాడలేదు. వెనుకచక్రము నొకదానిని నేలనుండి పైకెత్తి నిలిపి, దానికి పట్టా తగిలించి, కలప కోసిరి, నీరు తోడిరి, ధాన్యము విసరిరి. పొలము విడిచి పాఱిపోయినవాని యంత్రము పొలమునకే వచ్చి చేరినది. తరువాత నాతడు ఫోర్డుసను ట్రాక్టరునుగూడ చేసెను.

ఇంతలో వ్యాజ్య మొకటి. జార్జి సెల్డను అను న్యాయవాది పెట్రోలుబండి తన యూహయేయని 1895లో పేటెంటు పొంది యుండెను. దానిని చేపట్టిన కంపెనీల కూటమి ప్రతిబండికిని కప్పము వసూలుచేయుచుండెను. తక్కినవారు చెల్లించిరి, ఫోర్డు చెల్లింపలేదు. ఎనిమిదేండ్లు పోరాడి, క్రిందికోర్టులో నోడి, 1911లో అప్పీలులో గెలిచెను. ఆ విజయముతో నాతడు ప్రజల దృష్టిలో గొప్పవాడయ్యెను.

1913లో హైలాండు పార్కు కార్ఖానాలో, పనివాడు బండియొద్దకు పోవుటకు మాఱుగ బండియే పనివానియొద్దకు నడచి వచ్చు నేర్పాటు జరిగెను. ఒక చట్రమును బిగించుటకు పండ్రెండు గంటలకు పైగ పట్టుచుండగా, మఱుసటియేటికి 93 నిమిషములకు దిగెను. బండివెల యేటేట తగ్గి, 1925 నాటికి చిన్నబండి 260 డాలర్లకు దొరకెను. కాని దినమంతయు నొకే మర బిగించు పని మనుష్యుని విసిగించును. 1913లో 14,000 మందిని పనిలో నిలుపుకొనుటకు 52,000 మందిని చేర్చుకొనవలసివచ్చెను. వచ్చినవాడు వచ్చినట్లే పోవుచుండెను. 1914 జనవరిలో ఎనిమిదిగంటల పనికి దినమునకు అయిదు డాలర్లని ఫోర్డు ప్రకటించెను. అంతకుముందు కూలి రెండున్నర డాలర్లకు లోపే. మఱునాడు వేలమంది కార్ఖానా వాకిట గుమిగూడిరి. ఇది దానమని కొందఱును, తెలివియని కొందఱును అనిరి. రెండవదియే నిజమని మా యభిప్రాయము. కాని అట్టి తెలివియైన నితర యజమానులకు లేకపోయెను. దానితోబాటు కంపెనీ పరీక్షకులు కూలివాని యింటికిపోయి, వాడు త్రాగునా, కూడబెట్టునా యని విచారించుటయు నారంభమయ్యెను.

1919లో ఫోర్డు తక్కిన వాటాదార్ల నందఱిని కొనివేసి కంపెనీకి తన కుటుంబమే సర్వాధికారి యగునట్లు చేసెను. కజెన్సు సోదరి 1903లో భయపడుచు పెట్టిన నూఱు డాలర్లకు రెండులక్షల అఱువదివేలకు పైగ వచ్చెను. ఇక కాదనువాడు లేడు. ఆతని పతన మచ్చటనుండియే యారంభమైనదని చెప్పవలెను.

యంత్రములలో గెలిచినవాడు అన్నిటను తనదే తెలివి యనుకొనెను. 1915లో యూరపు యుద్ధమును మాన్పెద నని యొక యోడ కట్టుకొని పోయి, నవ్వులపాలై తిరిగి వచ్చెను. ఆ ప్రయత్న మమాయకమే గాని నింద్యము కాదు. 1920 మొదలు తన డియర్‌బర్న్ పత్రికలో యూదులపై నాతడు వెడలగ్రక్కించిన విషము మాత్రము క్షమింపరానిది. 1927లో నొక వ్యాజ్యమునకు జడిసి క్షమాపణ చెప్పుకొనెను. అయినను 1938లో, తన 75వ జన్మదినమున, హిట్లరు ప్రభుత్వ మిచ్చిన బిరుదపతకమును స్వీకరించెను. ఆతని ఘనతను చెప్పువారు దీనిని దాచుట తగదు.

బండి సంగతి కూడ నట్లే యయ్యెను. 1912 ప్రాంతమున ఫోర్డు దేశాంతర మేగియుండగా పనివాండ్రు మోడలు టిని మెఱుగుపఱచి యొక క్రొత్తబండిని చేసి యుంచిరనియు, తిరిగివచ్చిన ఫోర్డు దాని తలుపులను తన చేతులతోనే పీకివేసెననియు కార్ఖానాలోనివారు చెప్పుకొనిరి. 1920 తరువాత రోడ్లు బాగుపడెను. ప్రజలచేత డబ్బు చేరెను. ఆడువారు బండి నడపదొడగిరి. హేండిలుతో పనిలేని విద్యుత్తు స్టార్టరు కాడిలాక్ బండ్లలో 1912లోనే వచ్చియుండగా, ఫోర్డు 1919 వఱకు దాని నీయలేదు. షెవ్రొలే కంపెనీ సుఖమైన, రంగురంగుల బండ్లను వాయిదాలపై నమ్ముచు ముందుకు వచ్చెను. మార్పు వలయునని కుమారుడు ఎడ్సెలు మెల్లగ చెప్పిచూచెను. ఎడ్సెలు తోడల్లుడు 1926లో వ్రాతపూర్వకముగ చెప్పి యుద్యోగము పోగొట్టుకొనెను. ఒకప్పుడు నమ్మకమునకు కారణమైన స్థిరత్వమే యిప్పుడు మొండితన మయ్యెను.

తుదకు 1927 మే 26వ తేదీన కోటియేబదిలక్షలవ బండిని తండ్రికొడుకులు కార్ఖానానుండి నడుపుకొని వచ్చిరి. మోడలు టి నిర్మాణ మంతటితో ముగిసినట్లే. క్రొత్తబండి యింకను సిద్ధముగ లేదు! నెలలకొలది కార్ఖానాలు మూతపడి వేలాది కూలీలు వీథిపాలైరి. (మే 26వ తేదీ యా కుటుంబమునకు వింతతేదీ. 1937లో నదే తేదీన రూజు కార్ఖానా వంతెనమీద కార్మికసంఘ నాయకులను కంపెనీ వస్తాదులు కొట్టిరి. 1943లో నదే తేదీన ఎడ్సెలు మరణించెను. మన సిద్ధాంతులకు తెలిసినచో నేమందురో!) ఆ డిసెంబరులో వచ్చిన మోడలు ఎ మంచిబండి: నాలుగుచక్రములకును బ్రేకులు, పగిలినను మనుష్యుని కోయని గాజు. 1932లో ఎనిమిది సిలిండర్లను ఒకే ముద్దగ పోతపోసి, సామాన్యుని వెలకు అమ్ముట ఫోర్డు చివరి గొప్పపని. అయితే మొదటి బండ్లు నూనె త్రాగెను, పిస్టనులు చెడెను; తొందరపడి బజారునకు తెచ్చిన దోష మది. ఇతరులు నూనె యొత్తిడితో పనిచేయు బ్రేకులను పెట్టి యేండ్లు గడచినను, ఫోర్డు 1939 వఱకు కడ్డీల బ్రేకులనే పట్టుకొని వ్రేలాడెను. మోడలు టి నాటి అడ్డకమానులనైతే బ్రతికియున్నంతవఱకు వదలలేదు.

కూలీల విషయమున నా చేయి మఱింత బిగిసెను. 1932 మార్చిలో పనిలేని ఆకటివారు రూజు కార్ఖానాకు ఊరేగింపుగ పోగా తుపాకులు పేలి నలుగు రచ్చటనే మరణించిరి. ఒకప్పుడు అయిదు డాలర్ల కూలి నిచ్చినవాడే 1941 వఱకు కార్మికసంఘమును గుర్తింపలేదు. పెద్దకంపెనీలలో నట్లు తుదివఱకు నిలిచినది ఫోర్డువారిదే.

మనదేశమున 1926లో కెనడా శాఖ ద్వారా ఫోర్డు కంపెనీ వెలసి, విడిభాగములను దింపి బండ్లు బిగించెను. 1950 దశకమున నది మూతపడెను. 1995లో మఱల వచ్చి మద్రాసు చేరువ కార్ఖానా పెట్టి, 2021లో ఇచ్చట కార్లు చేయుట మానుచున్నట్లు ప్రకటించెను. వీనికంటె విచిత్రమైన సంబంధము వేఱొకటి కలదు. 1941లో, యుద్ధమునకు విముఖుడని ఫోర్డును గూర్చి విని, గాంధీమహాత్ముడు సేవాగ్రామమునుండి యాతనికి జాబు వ్రాసెను. తన సంతకము గల పాత రాట్నము నొకదానిని పంపెను. దానిని అమెరికాలో ఫోర్డునకు అందజేసినవాడు టి. ఏ. రామన్ అను భారతీయ పత్రికారచయిత. గంటకు వందలబండ్లు చేయువానికి గంటకు కొన్ని గజముల నూలు తీయు యంత్రము! నేడది డియర్‌బర్న్ వస్తుప్రదర్శనశాల సొత్తు. ఫోర్డునకు మరమ్మతు చేసికొనదగిన యంత్రమన్న నెప్పుడును ప్రీతియే. రాట్నములో ఇంటివాడు బాగుచేసికొనలేని భాగ మొకటియు లేదు.

ఎడ్సెలు పోయిన పిమ్మట ఎనుబదేండ్ల వృద్ధుడు మఱల కంపెనీ పగ్గములు పట్టెను. బుద్ధి సన్నగిల్లెను, చుట్టును వస్తాదులు చేరిరి, లెక్కలు చూచువారు లేక డబ్బు నీరువలె కాఱిపోయెను. 1945 సెప్టెంబరులో ఇంటి స్త్రీల యొత్తిడివలన నధికారమును మనుమడు రెండవ హెన్రీకి అప్పగించెను. 1947 ఏప్రిలు 7వ తేదీన రూజునది పొంగి యాతని యింటి విద్యుద్యంత్రమును ముంచెను. ఒకప్పటి విద్యుత్కంపెనీ ఇంజనీరు ఆ రాత్రి క్రొవ్వొత్తుల వెలుగున కన్నుమూసెను. అప్పటికాతని వయస్సు 83 ఏండ్లు.

మఱుసటియేడు జూనులో మనుమని యాజమాన్యమున యుద్ధానంతరపు మొదటి క్రొత్తబండి వెలువడెను. దానికి అడ్డకమానులు లేవు. తొందరలో చేసినందున దాని తలుపుల సందులనుండి దుమ్మును నీరును లోనికి వచ్చుచున్నవని కొన్నవారు మొఱపెట్టుకొనిరి. అయినను ప్రజలు విరివిగ కొనిరి, కంపెనీ నిలిచెను. మోడలు టి బండ్లు కొన్ని నేటికిని అమెరికా రోడ్లమీద నడచుచున్నవి. వానికి కావలసిన భాగములను చేసి యమ్మువారు నేటికిని కలరు.